వడపప్పు చేతిలో ఉండగానే నాలుగు మాటలు
(శ్రీరామనవమి సాయంత్రం, ఒడిశాలోని పర్లాకిమిడి, మా వీధి రామమందిరంలో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండీ. వడపప్పు అందరికీ అందిందా? వెనకాల గోడ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళకి అందలేదంటున్నారు, ఒరే బాబూ ఆ గిన్నె అటు పంపండ్రా. సరే, తింటూనే వినండి, తినడం ఆపి వినక్కర్లేదు, ఇవాళ నేను చెప్పేది మీ చేతిలో ఉన్నదాని గురించే మరి.

కమిటీ కుర్రాళ్ళు వచ్చి మాస్టారూ, పచ్చివి తింటే బలమొస్తాది, జబ్బులు రావు అంటున్నారు, ఫోన్ తీస్తే అవే వీడియోలు, మీరు సైన్సు చెప్పారు కదా ఓ అరగంట చెప్పండి అన్నారు. అరగంట అంటే గంట మాట్లాడతానని వాళ్ళకి తెలుసు, అందుకే అరగంటన్నారు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది, జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోట్లాట మొదలెట్టింది ఇక్కడ ఉండగానే, అంచేత నేను పుస్తకం మాటలు పలికి మిమ్మల్ని నిద్రపుచ్చను. ఇమ్యూనిటీ అనే అంటాను. కరోనా వచ్చి వెళ్ళాక ఆ మాట ఎనభై ఏళ్ళ ముసలమ్మకి కూడా వచ్చేసింది.

ఇప్పుడు ఆ దోసిట్లో ఏటుంది చూడండి. నానబెట్టిన పెసరపప్పు, పచ్చి కొబ్బరి కోరు, మామిడికాయ తరుగు, దోసకాయ ముక్కలు, కాస్త ఉప్పు. పొయ్యి ఎక్కింది ఒక్కటీ లేదు. పక్కన పానకం, బెల్లం మిరియాలు ఏలకులు నీళ్ళు, అదీ పొయ్యి ఎక్కలేదు. ఎనిమిది రోజుల కిందట ఉగాది పచ్చడి తిన్నాం, వేపపువ్వు మామిడికాయ కొత్తబెల్లం, అదీ అంతే. నువ్వులూ బెల్లం దంచి చేసే చిమ్మిలి, తడి బియ్యప్పిండీ బెల్లంతో చేసే పచ్చి చలిమిడి, ఏవీ ఉడికినవి కావు. ఇంకొన్నాళ్ళకి మన ఒడియా వాళ్ళకి పణా సంక్రాంతి, మారేడు పండు గుజ్జు పిసికి బెల్లం అరటిపండు వేసి బేల్ పణా ఇస్తారు, పక్కింటివాళ్ళు ఇస్తే మనం చెంబులు పట్టుకుని తాగుతాం. మరి ఇదంతా ఎవరో తెల్లదొర కనిపెట్టి మనకి వీడియోలో చెప్తున్నట్టు ఎందుకు వింటున్నాం? స్విట్జర్లాండ్‌లో బిర్షర్ బెన్నర్ అని ఒక డాక్టరు సుమారు 1900లో తన దగ్గరికొచ్చే రోగులకి నానబెట్టిన ఓట్స్‌లో పచ్చి ఆపిల్ కోరి పెట్టేవాడు, అదే ఇవాళ మ్యూస్లీ అని ప్యాకెట్లో అమ్ముతున్నారు. మనం అటుకులు తడిపి పెరుగూ అరటిపండూ వేసుకుంటే దానికి పేరు లేదు, అంతే తేడా.

సరే, అసలు సంగతికొస్తాను, నా కథ చెప్తేగానీ మీరు నమ్మరు. నేను రిటైరైన ఏడాది ఈ పచ్చితిండి పిచ్చి నాకూ పట్టింది. మా అబ్బాయి విశాఖ నుంచి రోజుకో వీడియో పంపేవాడు, నాకూ పనిలేదు, సరే అని పొయ్యి బంద్. పొద్దున మొలకలు, మధ్యాహ్నం కీరా క్యారెట్ టమాటా కొబ్బరి, రాత్రి పళ్ళు. మా ఆవిడ ఏటీ మాట్లాడలేదు, తన అన్నం తను వండుకుని నా ఎదురుగా కూర్చుని పప్పుచారు పోసుకుని తినేది, అదే పెద్ద మాట. మొదటి పది రోజులు ఒళ్ళు దూదిలాగుంది, నిజం చెప్తున్నాను, భోజనం తర్వాత కునుకు పట్టేది కాదు, మహేంద్రతనయ ఏటి గట్టున నడిచొస్తే ఆయాసం లేదు. అందరికీ చెప్పుకు తిరిగాను. తర్వాత్తర్వాత తెలిసింది ఆ హుషారు ఎక్కడిదో, పచ్చి కూరల వల్ల ఎంతో గానీ పొద్దుటి పూరీలు, సాయంత్రం బజ్జీలు, నాలుగు గ్లాసుల పంచదార టీ మానేశాను కదా, సగం ఆ పుణ్యమే.

మూడో వారం నుంచి చేతులు చల్లబడడం, కడుపుబ్బరం, మెట్లెక్కితే కళ్ళు తిరగడం. అయినా పట్టు వదల్లేదు, మాస్టారు కదా. అప్పుడు మే నెల, ఎండలు మీకు తెలుసు. పెసలు తడిగుడ్డలో మూటకట్టి వదిలేశాను, రెండో రోజు విప్పితే జిగటగా ఉంది, కాస్త వాసన కూడా వచ్చింది, కడుక్కుని తినేశాను. పారబోయడానికి మనసొప్పలేదు. ఆ రాత్రి నుంచి వాంతులు విరేచనాలు, రెండ్రోజులు సెలైన్ బాటిల్ కింద పడుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఇచ్చింది గంజి, ఉప్పేసి. అంత రుచి నా జన్మలో ఎరగను.

ఎందుకలగయిందంటే, మొలక రావడానికి ఏవి కావాలో పురుగు పెరగడానికీ అవే కావాలి, తడి, వెచ్చన. జర్మనీలో 2011లో మెంతి మొలకలు పచ్చివి తిని సుమారు 4000 మంది జబ్బు పడ్డారు, 50 మందికి పైగా పోయారు, ఈ-కోలై అనే పురుగు. అంత శుభ్రత ఉన్న దేశంలోనే అలగయితే మన తడిగుడ్డ ఎంత? మొలకలు వద్దని కాదు, మొలకొస్తే గింజలో లేని విటమిన్ సి పుడుతుంది, ఐరన్‌ని కట్టిపడేసే ఫైటేట్ తగ్గుతుంది, మంచిదే. మాటిమాటికీ నీళ్ళు మార్చండి, మొలక గోరంత రాగానే తినేయండి, చంటిపిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ ముసలివాళ్ళకీ మాత్రం ఆవిరి మీద ఉడికించే పెట్టండి. కాస్త విటమిన్ పోతే పోయింది.

పచ్చిదానిలో ఏముందీ అంటారా, ముఖ్యంగా రెండు. ఒకటి విటమిన్ సి, అది వేడికి ఆగదు, నీళ్ళలోకి దిగిపోతుంది, ఆ నీళ్ళు మనం వార్చి పారబోస్తాం. రోజుకి మగవాడికి 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 65 చాలని మన దేశపు వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు 2020లో చెప్పారు, 100 గ్రాముల జామకాయలో 200 దాటి ఉంటుంది. అంటే సంతలో జామకాయని ఒడియాలో పిజుళి పిజుళి అని అరుస్తారు చూడండి, ఆ కాయ ఒకటి తింటే ఆ రోజుకి పనైపోయింది. ఆపిల్‌కి అన్ని డబ్బులు పోసి కొంటాం గానీ దాన్లో ఇందులో పదో వంతు కూడా ఉండదు. రెండోది పీచు. పీచుని మనం అరిగించుకోలేం, పేగుల్లో ఉండే బాక్టీరియా తింటాయి, అవి తిని వదిలే ఆమ్లాలే పేగు గోడకి కూడు, మన ఇమ్యూనిటీ కణాలు ఎక్కువ శాతం ఉండేది ఆ గోడ చుట్టూనే. అంతేగానీ ఒక కాయ తినగానే ఇమ్యూనిటీ పెరిగిపోవడం అనేది లేదండీ. టీకా చేసే పని ఉసిరికాయ చెయ్యదు. నిద్రా, పప్పూ గుడ్డూ లేకుండా ఉత్త కీరా తింటే కీరా అంత బలమే వస్తాది.

మరి పొయ్యి ఏటి పాపం చేసింది? బియ్యం పచ్చిగా నమిలితే అందులో పిండి మనకి సరిగ్గా అందదు, ఉడికితే గింజ విచ్చుకుని అందుతుంది. టమాటా ఎరుపు రంగులో ఉండే లైకోపీన్, క్యారెట్‌లో బీటా కెరోటిన్, ఇవి ఉడికించి చెంచా నూనె తగిలిస్తేనే ఎక్కువ ఒంటబడతాయి. జిమ్‌కెళ్ళే కుర్రాళ్ళు పచ్చిగుడ్డు గటగటా మింగుతున్నారు, పచ్చిగుడ్డు ప్రొటీన్ సగం మాత్రమే అందుతుంది, ఉడకబెడితే నూటికి 90 వంతులు అందుతుంది, డబ్బులు మీవి మరి. జర్మనీలోనే గీసెన్ యూనివర్సిటీ వాళ్ళు పచ్చితిండి మీదే బతికే 500 మందికి పైగా జనాన్ని గమనించి 1999లో చెప్పారు, ఒళ్ళు బాగా తగ్గిపోయారు, 45 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో సుమారు నూటికి 30 మందికి నెలసరి తప్పడమో గాడి తప్పడమో జరిగిందని. ఒంటికి కూడు చాలకపోతే అది ముందు కట్ చేసేది అదే. ఇంట్లో ఆడపిల్ల సన్నబడాలని సలాడ్ల మీద ఉంటే తల్లులు గమనించండమ్మా.

కొన్నయితే పచ్చివి ముట్టుకోనేకూడదు. రాజ్మా పచ్చిది విషం, నానబెట్టినా సరే గట్టిగా మరిగించాల్సిందే. కర్రపెండలం పచ్చిది తినకూడదు, సైనైడ్ పుడుతుంది. పాలు కాచకుండా తాగొద్దు. జీడిపప్పు సంగతి మీకు నేను చెప్పాలా, పలాసలో జీడి ఫ్యాక్టరీ పనికెళ్ళొచ్చిన వాళ్ళు ఇక్కడే ఉంటారు, ఆ తొక్కలో నూనె తగిలితే చెయ్యెలా పొక్కుతుందో వాళ్ళనడగండి, షాపులో పచ్చి జీడిపప్పని అమ్మేది కూడా కాయని ఉడికించో కాల్చో కొట్టిందే. ఇంక ఆనపకాయ జ్యూస్. పొద్దున్నే పరగడుపున షుగరు తగ్గుతుందని తాగుతున్నారు. ఆనపకాయ చేదుగా ఉంటే అందులో విషం ఉన్నట్టే, చేదు రసం తాగి మన దేశంలో జనం పోయారు, ఐసీఎంఆర్ కమిటీ వేసి మరీ చెప్పింది చేదు తగిలితే పారేయమని. మనవాళ్ళు మందు చేదుగానే ఉంటుందిలే అని ముక్కు మూసుకుని తాగేస్తారు, అదే ప్రమాదం.

ఇంకోటి, ఇది కాస్త మనసుపెట్టి వినండి. మనలో సగం మందికి ఉద్దానంలో చుట్టాలున్నారు, సోంపేట, కవిటి, పలాస వైపు. అక్కడ కిడ్నీ జబ్బు ఎంతుందో నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి మంచిదే కదా అని కొబ్బరినీళ్ళు, పళ్ళరసాలు, పచ్చికూరలు పట్టించకండి. వాటిలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. వాళ్ళకి కూరముక్కలు ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వంపేసి పెట్టమంటారు డాక్టర్లు. మిగతా అందరికీ ఏది తప్పో అదే వాళ్ళకి మందు. డాక్టరు ఏది తినమంటే అదే, నేను చెప్పింది కాదు, వీడియోలో చెప్పింది అసలే కాదు.

నీరసం నీరసం అంటారు కదా, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 64 మందికి రక్తం తక్కువని తేలింది. అది కీరాతో పోయే నీరసం కాదు. తోటకూర పప్పు వండండి, దించాక నిమ్మకాయ పిండండి, పొయ్యి మీదుండగా కాదు, దించాక. ఆకులో ఐరన్ ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తుంది. భోంచేసిన వెంటనే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, టీ గంట తర్వాత తాగండి. చూశారా, వండినదాని పక్కన పచ్చిది. నేను రెండు నెలలు ఒళ్ళు గుల్ల చేసుకుని నేర్చుకున్నది ఇంతే. కంచంలో అన్నం కొండ సగానికి తగ్గించి ఆ ఖాళీలో కీరా, ముల్లంగి, ఉల్లి, ఏది దొరికితే అది పెట్టండి, సాయంత్రం బజ్జీ వేళకి పండు తినండి.

దొరకదు అనకండి. సవర ఆడవాళ్ళు కొండ దిగి గంపల్తో తెచ్చేవి చూడండి, పనసతొనలు, సీతాఫలం, నేరేడు, ఉసిరి, అవతల సీతంపేట అనాసపండు. బేరం ఆడి ఆ గంపనే సగానికి అడుగుతాం, అదే బజారులో ప్యాకెట్ చిప్స్ దగ్గర నోరెత్తం. కొన్నాక కొయ్యకముందే కడగాలి, ధారగా పడే నీళ్ళలో, చేత్తో రుద్ది. కోసి కడిగితే సారం నీళ్ళపాలు, మురికి లోపలికి. కొత్తిమీర, క్యాబేజీ లాంటివి ఆకు ఆకు విడదీసి. గెడ్డ నీళ్ళతో పండించిన కూర, పందులు తిరిగే చోట పండిన కూర, సరిగ్గా కడక్కపోతే బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్ళి మెదడు దాకా పోయి ఫిట్స్ వస్తాయి, భయపెట్టడానికి చెప్పట్లేదు. ఉప్పునీళ్ళలో నానబెడితే పురుగులు తేల్తాయి గానీ క్రిములు అన్నీ చావవు. అనుమానం ఉంటే వండేయండి.

ఆ, ఎవరో చెయ్యెత్తారు, చెప్పండత్తా. ఏటీ, నాకు పళ్ళే లేవు మాస్టారూ, నేనేటి నమిలేది అంటున్నారు. ముందు వరసలో కూర్చుని అడిగారు చూడండి! మీరు నమలక్కర్లేదత్తా. కీరా కోరి పెరుగులో కలపమనండి కోడల్ని, బొప్పాయి పండు చెంచాతో గీక్కోండి, నువ్వుల చిమ్మిలి మెత్తగా దంచి చిన్న ఉండ నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాది, సపోటా అరటిపండు ఉండనే ఉన్నాయి. ఇప్పుడు ఆ వడపప్పు మాత్రం మనవడికిచ్చేయండి, మీకు పానకం రెండో గ్లాసు ఇప్పిస్తాను, షుగరుందా? ఉందా. అయితే సగం గ్లాసే.