వందేళ్లు దాటినా పని మానని ఓడ

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో డెట్రాయిట్ దగ్గరున్న ఎకోర్స్ షిప్‌యార్డులో 1906లో ఒక సరుకు ఓడ నీళ్లలోకి దిగింది. టైటానిక్ ప్రయాణానికి ఆరేళ్ల ముందు మాట. పొడవు 550 అడుగుల పైమాటే. పేరు విలియం పి. స్నైడర్. తర్వాత ఎన్నో పేర్లు మారి, చివరికి సెయింట్ మేరీస్ చాలెంజర్‌గా 2013 దాకా సొంత ఇంజిన్‌తో నడిచింది. 107 ఏళ్లు!

సముద్రంలో తిరిగే ఓడకు ఇంత ఆయుష్షు ఉండదు. ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది. ఈ ఓడ తిరిగింది అమెరికా, కెనడా సరిహద్దులో ఉన్న ఐదు పెద్ద సరస్సుల్లో, అంటే గ్రేట్ లేక్స్‌లో. అక్కడ ఉన్నది మంచినీరు. పైగా చలికాలంలో మంచు పేరుకుపోతుంది. సుపీరియర్, హ్యూరన్ సరస్సుల మధ్యనున్న సూ లాకులను జనవరి మధ్యలో మూసేసి మార్చి చివర్లో తెరుస్తారు. ఏటా ఆ రెండు నెలలూ ఓడలకు రిపేర్ల కాలం.

ఈ ఓడ మొదటి పని ఇనుప ఖనిజం మోయడం. సుపీరియర్ ఒడ్డున ఖనిజం రేవులు చూడదగ్గవి. నీళ్ల మీద ఎత్తుగా కట్టిన ప్లాట్‌ఫాం పైకి రైలు వ్యాగన్లు వచ్చి, ఖనిజాన్ని కింది గదుల్లో కుమ్మరిస్తాయి. ఓడ పక్కన ఆగగానే గదుల్లోంచి జారుడుబల్లల్లాంటి ఇనుప తొట్లు దించుతారు. ఖనిజం తన బరువుకు తనే జారి ఓడలో పడుతుంది. గదులు 12 అడుగులకొకటి. అందుకే ఆ కాలపు ఓడల డెక్కు మీద సరుకు దించే హ్యాచ్‌లనూ, అంటే మూతలున్న ద్వారాలనూ ఆ కొలతకే కట్టేవారు.

నవంబరు వస్తే మాత్రం అందరికీ టెన్షనే. 1913 నవంబరు తుపానులో ఆ సరస్సుల మీద 12 ఓడలు మునిగి, 250 మందికి పైగా చనిపోయారు. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ 29 మందితో సహా మునిగింది. అది 1958లో నీళ్లలోకి దిగిన ఓడ, మన ఓడ కంటే 52 ఏళ్లు చిన్నది. సరస్సే కదా అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

1950లో పాత ఇంజిన్ తీసి స్కిన్నర్ యూనాఫ్లో ఆవిరి ఇంజిన్ పెట్టారు. దీంట్లో ఆవిరి సిలిండరు చివరల్లో లోపలికి వెళ్లి, నడుమనున్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. 1960ల్లో ఓడను సిమెంటు రవాణాకు మార్చారు. మిషిగన్ రాష్ట్రంలోని చార్లెవాయ్ ఫ్యాక్టరీ నుంచి షికాగో లాంటి రేవులకు తిరిగేది. అప్పటి పేరు మెడుసా చాలెంజర్. ఇది షికాగో నదిలోకి వస్తే, దారివ్వడానికి పైకి లేచిన వంతెనలు మళ్లీ కిందికి దిగక మొరాయించేవట. షికాగో జనం దీన్ని అచ్చిరాని ఓడ అనేవారు. వంతెన యంత్రం చెడితే ఓడదా తప్పు?

2013 చివర్లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని స్టర్జన్ బేలో దీన్ని బార్జ్‌గా, అంటే సొంత ఇంజిన్ లేని సరుకు పడవగా మార్చే పని మొదలైంది. వెనక భాగం కోసేశారు, ఇంజిన్ తీసేశారు. ఆవిరి ఇంజిన్‌కు కావలసినంత మంది సిబ్బందిని పెట్టి నడపడం ఖర్చుతో కూడిన పని. కంపెనీ లెక్క నాకు అర్థమవుతుంది, అయినా ఆ ఇంజిన్ పోవడం నిజంగా బాధే. ఓడను నడిపే గదిని, అంటే పైలట్‌హౌస్‌ను ఒహాయో రాష్ట్రం టొలీడోలోని మ్యూజియం తీసుకుంది. ఆ 1906 నాటి ఓడ మొండెం మాత్రం తుక్కుకు పోలేదు. వెనక నుంచి టగ్‌బోటు నెడుతుంటే, మళ్లీ అదే సిమెంటు మోసే పనిలో పడింది.