రెండు సీట్ల కారులో కుక్కతో నెల్లూరు నుంచి కొత్తపట్నం దాకా

నమస్తే అబ్బా, అందరూ బాగున్నారా. నేనిప్పుడు ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచ్‌లో ఉన్నా. వెనకాల కనిపిస్తున్న సరుగుడు తోటలో నీడ చూసి బండి పెట్టా, ఆ బండి పక్కన నాలుక బయటపెట్టుకుని కూర్చున్నది మా మల్లి. నాటు కుక్క, 18 కిలోలు, మైపాడు రోడ్డులో పిల్లగా ఉన్నప్పుడు దొరికింది, ఇప్పుడు నాలుగేళ్లు. పొద్దున ఐదింటికి నెల్లూరులో బయలుదేరాం, దారిలో రెండుసార్లు ఆగాం, ఎండ ఎక్కకముందే ఇక్కడికి చేరాం.

కారు గురించి ముందే చెప్పేస్తా. బీఎండబ్ల్యూ జెడ్4, 2013 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. రొయ్యల మీద ఒక సంవత్సరం నాలుగు రూపాయలు మిగిలినప్పుడు నాయన ఒప్పుకున్నాడు. మూడు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, 306 హార్స్‌పవర్. రూఫ్ గుడ్డది కాదు, రేకుది. బటన్ నొక్కి పట్టుకుంటే 20 సెకన్లలో మడుచుకుని డిక్కీలోకి వెళ్ళిపోతుంది. బండి పొడవు 4.2 మీటర్లు, అంటే స్విఫ్ట్ కన్నా ఎక్కువే, కానీ కూర్చునేది ఇద్దరే, ఎందుకంటే ముందు బానెట్టే సగం బండి. పికప్, సౌండ్, మలుపుల్లో ఎలా పోతుంది, ఇవన్నీ చెప్పే వీడియోలు మీకు బోలెడు దొరుకుతాయి. నేను చెప్పేది ఒక్కటే: ఈ రకం కారులో కుక్కని తీసుకుపోవచ్చా, తీసుకుపోతే ఎట్లా.

అసలు చిక్కు చోటుది కాదు. చూడండి, సీటు వెనక్కి జరిపితే మల్లికి చోటు సరిపోతుంది, మామూలు కారు వెనక సీట్లో కూర్చున్నంత దర్జాగానే కూర్చుంటుంది. చిక్కంతా ఇదిగో, ఈ డ్యాష్‌బోర్డులో ఉంది. ఎవర్ని అడిగినా కుక్కని వెనక సీట్లో పెట్టమంటారు, సరైన మాటే. కానీ మనకి వెనక సీటే లేదు, ఉన్న ఒక్క సీటుకీ ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంది. ఎయిర్‌బ్యాగ్ అంటే మెత్తగా ఉబ్బే దిండు అనుకుంటాం, అది బయటికొచ్చే వేగం గంటకి దాదాపు 300 కిలోమీటర్లు. సీటుకి వీపు ఆనించి, బెల్టు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి ఛాతీకి లెక్కగట్టి చేసింది అది. కుక్క అట్లా కూర్చోదు కదా. మెడ ముందుకు చాపి, మూతి డ్యాష్‌బోర్డుకి జానెడు దూరంలో పెట్టుకుని రోడ్డు చూస్తూ ఉంటుంది. ఆ జానెడు దూరంలో అది పేలితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

అందుకని మీ బండిలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ చేసే స్విచ్ ఉందా లేదా, ముందు అది చూడండి. చిన్నపిల్లల సీటు పెట్టుకోవడానికని కొన్ని కార్లలో తాళంచెవితో తిప్పే స్విచ్ ఇస్తారు, కొన్నిట్లో ఉండదు. నా బండిలో ఉంది. తిప్పాక ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ అని లైటు వెలుగుతుంది, ఆ లైటు చూడకుండా నేను గేరు వెయ్యను. మల్లి దిగి మనిషి ఎక్కితే మళ్ళీ ఆన్ చెయ్యాలి, అది అసలు మర్చిపోకూడదు. మా అమ్మని ఎక్కించుకున్నప్పుడు ఆమెతోనే ఆ లైటు చూపించి చెప్పించుకుంటా. స్విచ్ లేని బండి అయితే నా మాట ఒకటే, కుక్కని అందులో ఎక్కించొద్దు. ఇంట్లో ఇంకో కారు ఉంటే దాన్ని తియ్యండి, లేకపోతే ట్రిప్పు మానుకోండి.

ఇది నాకు మొదటి నుంచీ తెలుసా అంటే తెలియదు. రెండేళ్ళ కిందట, బండి కొన్న కొత్తలో, మల్లిని పక్కన కూర్చోబెట్టుకుని మెడపట్టీకి గొలుసు వేసి, ఆ గొలుసు సీటుకి చుట్టి కోవూరు వైపు పోతున్నా. స్పీడు యాభై కూడా ఉండదు. ఒక గేదె రోడ్డుకి అడ్డం వచ్చింది, బ్రేకు తొక్కా. అంతే, మల్లి సీట్లోంచి లేచి డ్యాష్‌బోర్డుకి మూతి కొట్టుకుని కాళ్ళ దగ్గర పడింది, గొలుసు మెడ దగ్గర బిగిసిపోయింది. ముక్కులోంచి రక్తం. పక్కకి ఆపి గొలుసు తీస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి, అదేమో నా చెయ్యి నాకుతోంది. డాక్టరు చూసి పెదవి చిట్లింది, ఎముకకేం కాలేదన్నారు. వారం రోజులు కారు డోరు తీస్తే చాలు వెనక్కి పోయేది. ఆ రోజు తప్పు పూర్తిగా నాది, ఈ వీడియో చెయ్యడానికి కారణం కూడా ఆ రోజే.

ఒక లెక్క చెప్తా. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో పోతున్న బండి దేన్నైనా గుద్ది టక్కున ఆగితే, లోపల కట్టకుండా ఉన్నదేదైనా పది మీటర్ల ఎత్తు నుంచి పడినంత వేగంతో ముందుకి పోయి తగులుతుంది. అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడ్డట్టు. కుక్కని ఒళ్ళో పట్టుకుంటే సరిపోతుంది అనేవాళ్ళు ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, ఎంత బలమున్న చేతులైనా ఆపలేవు.

ఇప్పుడు మల్లి వేసుకున్నది చూపిస్తా, ఇటు రా మల్లీ. ఇది ఛాతీ హార్నెస్. చూడండి, రొమ్ము మీద ఈ పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పు ఉంది, లోపల మెత్త ఉంది, కొక్కెం వీపు మీద ఉంది, మెడ మీద బరువేమీ పడదు. ఇక్కడి నుంచి ఈ పొట్టి పట్టీ నేరుగా సీటు బెల్టు బకిల్‌లోకి దిగుతుంది. పట్టీ పొడవు ఎంతుండాలి అంటే, కుక్క కూర్చోవాలి, పడుకోవాలి, చుట్టూ తిరగ్గలగాలి, అంతవరకే, డ్యాష్‌బోర్డుకి మూతి తగలకూడదు. బకిల్‌లో ఇది దిగితే సీటు బెల్టు అలారం కూడా ఆగుతుంది, లేకపోతే 18 కిలోల బరువుకి మనిషి కూర్చున్నాడనుకుని అది మోగుతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకి దొరికే వాటిల్లో కొక్కేలు చాలావరకు పల్చటి రేకు. చేత్తో గట్టిగా గుంజి చూడండి, కుట్లు సాగితే వెనక్కి పంపెయ్యండి. అమెరికాలో సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అని ఒక సంస్థ ఇట్లాంటి హార్నెస్‌లకి క్రాష్ టెస్టులు చేస్తుంది, వాళ్ళ పరీక్షలో నిలబడ్డ రకం దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి.

తర్వాత సీటు. స్పోర్ట్స్ కారు సీటు బకెట్ లాగా ఉంటుంది, పక్కలు లేచి, మధ్యలో గుంట, వెనక్కి వాలు. మనిషికి అదే సుఖం, కుక్కకి అదే నరకం. మొదట్లో మల్లి వెనకభాగం గుంటలో దిగిపోయి, ముందుకాళ్ళు పక్క అంచు మీద పెట్టుకుని, ప్రతి మలుపులో జారి, మళ్ళీ లేచి, మళ్ళీ జారి, ఇరవై కిలోమీటర్లకే అలిసిపోయేది. తోలు మీద గోళ్ళు పట్టు దొరక్క కాళ్ళు వణికేవి. ట్రంకు రోడ్డులో సీటు కవర్లు కుట్టే అన్న దగ్గరికి బండి తీసుకుపోయి చెప్తే, ఆయన ఆ గుంట కొలత తీసుకుని గట్టి ఫోమ్ ముక్క కోశాడు, ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. అది పెడితే సీటు బల్లలాగా సమంగా అయింది. పైన గరుకు గుడ్డ కుట్టించా, దాని మీద మా అమ్మ పాత చీరల బొంత. ఇప్పుడు మల్లి ఎక్కగానే రెండుసార్లు తిరిగి ముడుచుకుని పడుకుంటుంది, బండి ఆపేదాకా లేవదు. ఇంత పెద్ద మార్పు ఇంత చిన్న పనితో వస్తుందనుకోలేదు. చెక్క పలక మాత్రం పెట్టొద్దు, గుద్దినప్పుడు అదే ఎగిరి తగులుతుంది.

ఈ బండిలో ఒక మంచి గుణం కూడా ఉంది. నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి కుక్క ఎగరక్కర్లేదు, అడుగేసినట్టు ఎక్కేస్తుంది. ముసలి కుక్కలకి, కీళ్ళ నొప్పులున్న వాటికి పెద్ద ఎస్‌యూవీ కన్నా ఇదే నయం. ఇంకోటి, మనం చెయ్యి చాపితే దానికి తగులుతుంది, దాని మొహం మనకి కనిపిస్తూ ఉంటుంది. మాటిమాటికీ ఆవలిస్తోందా, మూతి నాక్కుంటోందా, పెదవి చివర చొంగ దారంలా వేలాడుతోందా, ఇవన్నీ కడుపులో తిప్పుతోందనడానికి గుర్తులు. వెంటనే పక్కకి ఆపొచ్చు. బయలుదేరడానికి ముందు మూడు నాలుగు గంటలు నేను దానికి తిండి పెట్టను, నీళ్ళు మాత్రం ఇస్తా. కిటికీ స్విచ్‌లు, గేరు లివరు అన్నీ దాని కాలికి అందేంత దగ్గర, అందుకే పట్టీ పొట్టిగా ఉండాలని మళ్ళీ మళ్ళీ చెప్తున్నా.

రూఫ్ తీసి పోవచ్చా? ఫోటోల్లో బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ హైవే మీద నేను తియ్యను. ఇసుక లారీల వెనక, వరిగడ్డి లారీల వెనక పోతుంటే ఎగిరొచ్చే నలుసు మన కంట్లో పడితేనే విలవిల్లాడతాం, కళ్ళు విప్పార్చుకుని గాలికి ఎదురుగా మొహం పెట్టే కుక్కకి ఇంకెంత. గాలి హోరు సంగతి సరేసరి, వాటి చెవులకి మనకి వినపడని శబ్దాలు కూడా వినపడతాయి. ఒంగోలు దాటి కొత్తపట్నం రోడ్డులోకి వచ్చాక, పొద్దున చల్లగా ఉంది, ఎదురుగా బండ్లు లేవు, నలభై స్పీడులో ఒక పది నిమిషాలు తీశా. మల్లి ముక్కు పైకెత్తి ఉప్పుగాలి పీల్చుకుంటూ కూర్చుంది. అంతవరకు చాలు. డిక్కీలో పెట్టడం గురించి ఎవరూ ఆలోచించకండి. లోపలికి గాలి రాదు, పైగా రూఫ్ వచ్చి పడుకునేది అక్కడే. రూఫ్ మూసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తీస్తే 180. మల్లి సామాను, నా బ్యాగు, రెండు నీళ్ళ క్యాన్లు పెడితే నిండిపోయింది.

ఎండ గురించి గట్టిగా చెప్పాలి. మనది రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు. బయట 35 డిగ్రీలు ఉంటే, మూసి ఎండలో పెట్టిన కారులో పది నిమిషాలకే ఇంకో పది డిగ్రీలు పెరుగుతుంది, అరగంటకి దాదాపు ఇరవై. ఇంత చిన్న క్యాబిన్‌లో, ఇంత వాలు అద్దం కింద, ఊహించుకోండి. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఉన్న దారి, పీల్చే గాలే కాలిపోతుంటే ఆ దారీ పని చెయ్యదు. మామూలుగా దాని ఒంటి వేడి 38, 39 డిగ్రీలు, 41 దాటిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. కాబట్టి ఒంటరిగా కుక్కతో పోయేవాళ్ళు ఒకటి ఒప్పుకుని బయలుదేరాలి, దారిలో ఏసీ హోటల్లో కూర్చుని తినడం కుదరదు. ఒకచోట కుక్క లోపలికి రాకూడదన్నారు, వాళ్ళ ఇష్టం వాళ్ళది, నేను మల్లిని బండిలో వదల్లేదు, పార్సిల్ కట్టించుకుని బయటే తిన్నా. ఈ రోజు కావలి దాటాక వేపచెట్టు కింద ఇడ్లీ బండి దగ్గర ఒకసారి, ఉలవపాడు దాటి ఇంకోసారి ఆగాం. మామిడికాయల సీజన్లో ఉలవపాడు దగ్గర రోడ్డుకి రెండువైపులా అమ్ముతారు, అక్కడ బండ్లు ఎక్కడపడితే అక్కడ ఆపుతారు, డోరు తీసే ముందే గొలుసు చేతిలోకి తీసుకోండి. నేనైతే ఏప్రిల్, మే నెలల్లో మల్లితో ఈ బండి తియ్యనే తియ్యను.

బీచ్‌లో రెండు మాటలు. గొలుసు వదలొద్దు, జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, కుక్కలు గూళ్ళు తవ్వేస్తాయి. సముద్రపు నీళ్ళు తాగనివ్వొద్దు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కించే ముందు మంచినీళ్ళతో కాళ్ళు, పొట్ట కడిగి తుడిస్తే దాని చర్మానికీ మంచిది, సీటుకీ మంచిది.

ఇంతకీ నా రివ్యూ ఏంటంటే, ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ అయ్యే బండి, ఇరవై కిలోల లోపు నెమ్మదైన కుక్క, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పొద్దున ప్రయాణం, రెండు గంటలకొకసారి ఆగే ఓపిక, ఇవన్నీ ఉంటే హాయిగా పోవచ్చు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవాటికి ఈ సీటు చాలదు, నేను చెప్పిన పట్టీ కూడా కుదరదు, వాటిని ఇందులో ఇరికించొద్దు. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఇదొక్క కారే అయితే కూడా వద్దు, అర్ధరాత్రి కుక్కకి బాగోలేక ఆస్పత్రికి పోవాల్సొస్తే దాన్ని పట్టుకుని కూర్చునే మనిషికి ఇందులో చోటుండదు.

తొమ్మిది కావస్తోంది, నీడ బండి మీద నుంచి జరుగుతోంది. మల్లి నీళ్ళు తాగేసింది. లైటు చూశా, ఎయిర్‌బ్యాగ్ ఆఫ్. పట్టీ దిగింది. రూఫ్ మూసే ఉంది, ఏసీ వేసి ఐదు నిమిషాలైంది. పద మల్లీ, ఎక్కు.