సేవ చేసేవారి మనసు అలసిపోతే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. తుపానులు, వరదల సమయంలో స్వచ్ఛందంగా సేవ చేసేవారికి కలిగే మానసిక ఒత్తిడి గురించి మీ సందేహాలకు మానసిక వైద్యులు జవాబిస్తారు. మొదటి ఫోను కోవూరు నుంచి.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు, మా కుర్రవాళ్లమంతా కలిసి లోతట్టు కాలనీల వాళ్లను పడవల్లో బయటికి చేర్చాము. తరువాత అన్నం పొట్లాలు, దుప్పట్లు పంచాము, ఇళ్లలో బురద ఎత్తిపోశాము. మా మేనమామ గారి ఇల్లు కూడా మునిగింది, అది వేరే సంగతి...

వైద్యులు: మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి బాబూ.

శ్రోత: ఒక మిద్దె మీద నుంచి ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచారు. పడవ నిండిపోవడంతో మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోయాము. ఆయనను వేరేవాళ్లు క్షేమంగా తీసుకొచ్చారు. అయినా వాన గట్టిగా పడితే చాలు, ఆ పిలుపే వినిపించి నిద్ర పట్టదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడైతే గుండె దడతో ఇంట్లోనే కూర్చున్నాను. ఈసారి నేను సహాయానికి వెళ్లవచ్చా?

వైద్యులు: నిద్ర కోసం మాత్రలేమైనా వాడుతున్నారా?

శ్రోత: మందుల షాపులో అడిగి తెచ్చుకున్నాను.

వైద్యులు: ఆ పని చేయవద్దు. వైద్యుడు రాయని నిద్రమాత్రలు కొన్నాళ్లకే అలవాటుగా మారతాయి. మీది పిరికితనం కాదు. ప్రమాదం గడిచిపోయినా మెదడు ఆ హెచ్చరికను ఆపకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఇటువంటి లక్షణాలు నెల దాటి కొనసాగుతూ రోజువారీ పనులకు అడ్డుపడితే తప్పక వైద్యం చేయించుకోవాలి. మీరు ఇన్నేళ్లు ఒంటరిగా భరించారు. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. అంతవరకూ ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

శ్రోత: మా అమ్మ అదంతా మరిచిపొమ్మంటుంది. అయితే ఈసారి వెళ్లవచ్చా సార్?

వైద్యులు: ముందు వైద్యం మొదలుపెట్టండి, పడవ సంగతి తరువాత చూద్దాం. సేవ చేయాలనే కోరిక బలంగా ఉంటే, పునరావాస కేంద్రంలో పేర్లు రాసుకునే పని, వంట సామాను లెక్కలు చూసే పని వంటివి అడిగి తీసుకోండి. అవి లేకపోతే పడవలు కూడా కదలవు. మాత్రలు మాత్రం ఇక కొనకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఒంగోలు నుంచి మరొకరు.

శ్రోత: మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేస్తుంటాను డాక్టరు గారూ. ఈమధ్య ఇంటికి వచ్చాక పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను.

వైద్యులు: ఇతరుల బాధను రోజూ దగ్గరగా చూసేవారికి ఇటువంటి అలసట వస్తుందమ్మా. వారంలో ఒక పూర్తి రోజు సెలవు తీసుకోండి, ఆ రోజు రోగుల ఫోన్లు మరొకరికి అప్పగించండి. మీరు కూడా నిద్రమాత్రల జోలికి వెళ్లకండి.

వ్యాఖ్యాత: సింగరాయకొండ నుంచి చివరి ఫోను. త్వరగా చెప్పండి.

శ్రోత: మా యువజన సంఘంలో పని ముగిశాక అందరినీ కూర్చోబెట్టి, చూసినదంతా చెప్పించడం మంచిదేనా?

వైద్యులు: బలవంతంగా చెప్పించకండి. అలా ఒక్కసారి కూర్చోబెట్టి అందరిచేతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయదు. చెప్పాలనుకున్నవారి మాట శ్రద్ధగా వినండి, చెప్పనివారిని వారి మానాన ఉండనివ్వండి. ఎవరినీ ఒంటరిగా పంపకుండా జంటలుగా పంపండి, వంతులు వేసి వేళకు భోజనం, నిద్ర ఉండేలా చూడండి. రెండు వారాలు గడిచినా ఎవరైనా ముభావంగా ఉండి, నిద్రాహారాలు మానితే, వెంటబెట్టుకుని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి.

శ్రోత: అలాగే సార్. మరొక మాట, మా వాళ్లలో ఒకరు...

వ్యాఖ్యాత: క్షమించండి, సమయం అయిపోయింది. డాక్టరు గారికి, శ్రోతలకు ధన్యవాదాలు.