కౌంటీ ప్రొబేషన్ ఆఫీసులో కొత్త పెద్ద పోస్టు: ఎవరు పెడతారు, ఎవరి డబ్బుతో?

[స్క్రీన్ మీద: కౌంటీ మీటింగ్ ఎజెండా, ఒక లైను కింద పసుపు గీత]

ఈ లైను చూడండి. "ప్రొబేషన్ డిపార్ట్‌మెంట్: డిప్యూటీ చీఫ్ పోస్టు ఒకటి చేర్పు, ఖాళీగా ఉన్న పోస్టు ఒకటి రద్దు." ఇది నమూనాకి నేను రాసుకున్న లైనే, కానీ కాలిఫోర్నియాలో కౌంటీల ఎజెండాల్లో ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కువగా కన్సెంట్ క్యాలెండర్‌లో పెడతారు, అంటే చర్చ లేకుండా బోలెడు అంశాలు కట్టగట్టి ఒకే ఓటుతో అవగొట్టేసే భాగం. శాన్ హోజేలోనో ఫ్రీమాంట్‌లోనో ఇల్లు కొనుక్కుని డిసెంబర్ 10కి ఒకసారి, ఏప్రిల్ 10కి ఒకసారి ప్రాపర్టీ టాక్స్ కట్టే మనవాళ్లలో ఈ లైను చదివేవాళ్లు ఎంతమంది? నేనైతే మొన్నమొన్నటిదాకా చదవలేదు.

ముందు ఒక తికమక తీర్చేద్దాం. మన ఇళ్లలో ప్రొబేషన్ అంటే గవర్నమెంటు ఉద్యోగం వచ్చాక పర్మనెంట్ అయ్యేదాకా టెన్షన్ పడే కాలం. ఇక్కడ చెప్పేది అది కాదు. నేరం చేసిన మనిషిని జైల్లో పెట్టకుండా, షరతులు పెట్టి, ఒక ఆఫీసర్ కనుసన్నల్లో బయటే ఉండనివ్వడం. ఇండియాలోనూ దీనికి 1958 నుంచి చట్టం ఉంది. అమెరికాలో దీన్ని మొదలుపెట్టింది బోస్టన్‌లో బూట్లు కుట్టుకునే జాన్ ఆగస్టస్, 1841లో, కోర్టులో ఒక తాగుబోతుకి తను పూచీ ఉండి!

కాలిఫోర్నియాలో ఈ పని 58 కౌంటీలది, రాష్ట్రానిది కాదు. 2011లో రాష్ట్ర జైళ్లు కిక్కిరిసిపోయాయని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, ఆ అక్టోబర్ నుంచి ఏబీ 109 చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా జైలు నుంచి వచ్చినవాళ్లని రాష్ట్ర పరోల్ ఆఫీసర్లు చూసుకునేవాళ్లు, ఆ తర్వాత అందులో చాలామంది బాధ్యత కౌంటీ ప్రొబేషన్ మీద పడింది. ఇది చాలదన్నట్టు 2023 జూన్ 30న రాష్ట్రం తన బాలనేరస్థుల సంస్థల్ని కూడా మూసేసింది. పెద్ద కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లు కూడా కౌంటీ చేతికే వచ్చారు. పని ఇంత పెరిగాక, చీఫ్ కింద ఇంకో పెద్ద మనిషి కావాలని ఎవరైనా అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు.

[స్క్రీన్ మీద: అయిదు కుర్చీల బల్ల]

మరి పోస్టు పెట్టేదెవరు? బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. సూపర్‌వైజర్ అనగానే మనకి ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకునే మనిషి గుర్తొస్తాడు కదా, ఇక్కడ మాత్రం ఓట్లేసి ఎన్నుకున్న నాయకులు, దాదాపు అన్ని కౌంటీల్లో అయిదుగురు. ఉద్యోగాలు ఎన్ని, జీతాలెంత అనేది చట్టప్రకారం వాళ్లే తేల్చాలి. తమాషా ఏంటంటే చాలా కౌంటీల్లో చీఫ్ ప్రొబేషన్ ఆఫీసర్‌ని నియమించేది జడ్జీలు, లాస్ ఏంజెలెస్ లాంటి చోట మాత్రం బోర్డే. అంటే కొన్నిచోట్ల మనిషిని పెట్టేది ఒకరు, జీతానికి డబ్బిచ్చేది ఇంకొకరు. అత్తగారు పిలిచిన చుట్టాలకి కోడలు వండినట్టు.

దారి ఇలా ఉంటుంది. డిపార్ట్‌మెంటు అడుగుతుంది, హెచ్ఆర్ వాళ్లు ఆ పోస్టు పనేంటి, అర్హతలేంటి, ఇలాంటి పోస్టుకి పక్క కౌంటీల్లో ఎంతిస్తున్నారు అని చూసి ఒక కాగితం తయారు చేస్తారు, తర్వాత బోర్డు ముందుకి. జీతాల ఆర్డినెన్స్, అంటే కౌంటీ తనకి తాను చేసుకునే చట్టం, మార్చాల్సి వస్తే మామూలుగా ప్రవేశపెట్టిన రోజే పాస్ చేయడానికి లేదు, కనీసం అయిదు రోజులు ఆగాలి. ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, మధ్యలో అనుకోకుండా వచ్చిన డబ్బుని బడ్జెట్‌లో కలపాలంటే మాత్రం అయిదుగురిలో నలుగురు ఒప్పుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బు. కాగితంలో "కౌంటీ జనరల్ ఫండ్ మీద భారం లేదు" అని కనిపిస్తే అక్కడ ఒక్క నిమిషం ఆగండి. జనరల్ ఫండ్ అంటే కౌంటీ మామూలు ఖర్చులకి వాడుకునే ఖజానా. భారం లేదంటే అర్థం ఆ జీతం ఏబీ 109 పని కోసం రాష్ట్రం కౌంటీకి ఇచ్చే డబ్బు నుంచో, ఏదైనా గ్రాంటు నుంచో వస్తోందని, అంతే తప్ప ఊరికే వస్తోందని కాదు. అదే డబ్బుతో డ్రగ్స్ మాన్పించే చికిత్సో, బయటికొచ్చినవాళ్లకి తలదాచుకునే చోటో ఇవ్వొచ్చు. పైగా గ్రాంటు మూడేళ్లకే అయిపోవచ్చు, పోస్టు మాత్రం అలాగే కూర్చుంటుంది. జీతం ఒక్కటే కూడా కాదు, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ వాటా కూడా కలపాలి. ప్రొబేషన్ ఆఫీసర్లకి చాలాచోట్ల పోలీసుల్లాంటి పెన్షన్ లెక్క, అది మామూలు ఆఫీసు ఉద్యోగి లెక్క కంటే ఖరీదు.

నన్నడిగితే, రద్దు చేసే పోస్టు ఏంటో ముందు చూడండి. కింద ఖాళీగా ఉన్న ఆఫీసర్ పోస్టు తీసేసి పైన కుర్చీ వేస్తుంటే నాకు అనుమానమే. 2023 మేలో లాస్ ఏంజెలెస్ కౌంటీలో కేసుల్లో ఉన్న పిల్లల్ని పెట్టే జువెనైల్ హాళ్లు రెండూ పిల్లల్ని ఉంచడానికి పనికిరావని రాష్ట్ర పర్యవేక్షణ బోర్డు తేల్చేసింది. అక్కడి ప్రధాన జబ్బుల్లో ఒకటి, షిఫ్టులకి చాలినంతమంది సిబ్బంది లేకపోవడం. పైన ఎంత గట్టి మనిషిని తెచ్చినా రాత్రి డ్యూటీకి మనిషి రాకపోతే ఏం చేస్తాడు?

అలాగని కొత్త పోస్టులన్నీ దండగ అననండి. ఒకే డిప్యూటీ పెద్దవాళ్ల కేసులూ పిల్లల హాలూ రెండూ చూస్తున్న చోట, ఏదో ఒకటి గాలికి వదిలేసినట్టే అవుతుంది.

[స్క్రీన్ మీద: ఎజెండా పేజీ, తేదీ దగ్గర గుండ్రం]

మామూలు మీటింగుకి 72 గంటల ముందే ఎజెండా పెట్టాలని బ్రౌన్ యాక్ట్ అనే చట్టం చెబుతుంది. ఎజెండాలో ప్రొబేషన్ అని వెతకండి, జత చేసిన మెమో తెరిచి నేరుగా ఖర్చుల పేరాకి వెళ్లండి. ఏదైనా తేడాగా అనిపిస్తే మీటింగులో మాట్లాడే హక్కు మీకుంది, ఆ అంశాన్ని కన్సెంట్ నుంచి బయటికి తీసి విడిగా చర్చించమని మీ సూపర్‌వైజర్ ఆఫీసుకి ముందే ఒక ఈమెయిల్ కూడా కొట్టొచ్చు. సిటిజన్‌షిప్ అడగరు, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నా మాట్లాడొచ్చు, మీకిచ్చే ఆ ఒకట్రెండు నిమిషాల్లో "ఈ గ్రాంటు అయిపోయాక ఈ జీతం ఎవరిస్తారు?" అని ఒక్కటి అడిగి రండి.