ట్యాంకు నుంచి బిందె దాకా

శ్రోతలకు నమస్కారం.

వానలు పడి, పత్తి గింజలు పెట్టి, నార్లు పోసుకునే రోజులివి. ఊళ్లలో వాంతులు, విరేచనాలు ఎక్కువయ్యేదీ ఇప్పుడే. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలయ్యాక మన వరంగల్ చుట్టుపక్కల పల్లెలకు కూడా శుద్ధి చేసిన నది నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. అయితే ట్యాంకు దాకా మంచిగా వచ్చిన నీళ్లు ఊళ్లోకి వచ్చాక చెడిపోవడం మామూలైపోయింది. ఎక్కువగా చెడేది నల్లా గుంతలో.

కొస వాడకు ధార సన్నగా వస్తుంది. దాంతో నల్లా విప్పేసి, రెండడుగుల గుంత తవ్వి, పైపు కొసను అడుగున పెడతారు. ధార లావవుతుంది, నిజమే. కానీ నీళ్లు బంద్ చేశాక పైపులో మిగిలినవి పల్లం వైపు జారిపోతాయి. అవి జారుతుంటే పైపు లోపలికి గుంజుతుంది. కొస గుంతలో మునిగి ఉందంటే బోళ్లు తోమిన నీళ్లు, వాన నీళ్లు, మోరీ ఊట అన్నీ పైపులోకి పోతాయి. మర్నాడు వాల్వు తిప్పగానే ఆ మురికి పక్కింటి బిందెలో పడుతుంది. నల్లాకు మోటరు పెడితే ఇంకా చేటు. మోరీ పక్కన జాయింటు ఎక్కడన్నా కారుతుంటే అక్కడి మురుగును కూడా అది గుంజుతుంది.

గుంత పూడ్చి, చిన్న గద్దె కట్టి, నల్లాను నేలకు అడుగున్నర ఎత్తున బిగించాలి. కానీ కొస ఇంటివాళ్లను తిట్టి గుంత పూడ్పిస్తే న్యాయం కాదు. ముందు వాళ్లకు ధార రావాలి. వాడకో గేటు వాల్వు పెట్టి, మిట్టకు ఒక వంతు, పల్లానికి ఒక వంతు విడిస్తే వస్తుంది. ఈ ఖర్చు పంచాయతీ పెట్టదగ్గదే.

ఇక బ్లీచింగ్ పౌడర్. ఇరవై ఐదు శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ వెయ్యి లీటర్లకు 4 గ్రాములు చాలు. 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. దాన్ని నేరుగా ట్యాంకులో గుమ్మరించొద్దు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ నీళ్లు పోసి తిప్పాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కు పోతుంది. పైన తేరిన నీళ్లు మాత్రం ట్యాంకు సగం నిండినప్పుడు పోయాలి. మిగతా సగం నిండుతుంటే అవే కలుస్తాయి. నిండాక కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి. క్రిములు చావడానికి ఆ వ్యవధి కావాలి. పంచాయతీ ఆఫీసు మూలన మూతి విప్పి పెట్టిన బస్తా చెమ్మకు గడ్డకడుతుంది, ఘాటు పోతుంది. అలాంటి పౌడర్ లెక్క ప్రకారం కలిపినా పని చేయదు.

మందు వాసన వస్తోందని ఆడవాళ్లు అడిగితే కొన్ని ఊళ్లలో పౌడర్ తగ్గించేస్తారు. అలా తగ్గించకూడదు. బిందెను కాసేపు మూత తీసి ఉంచితే ఆ వాసన చాలా వరకు పోతుంది.

ట్యాంకును పది రోజులకోసారి కడగాలి. ఊళ్లోకి పోయే వాల్వు మూసి, అడుగు వాల్వు తెరిచి, గోడలు బ్రష్షుతో రుద్దాలి. సబ్బు వాడొద్దు. లోపలికి ఒకరు దిగితే పైన ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కడిగిన తేదీ పిల్లరు మీద రాస్తే చూసినవాళ్లు అడుగుతారు.

ఒక్క సంగతి మరవొద్దు: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే బ్లీచింగ్‌తో పోదు, కాచినా పోదు. ఆ నీళ్లు తాగడానికి వాడొద్దు.

నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే పరీక్ష ట్యాంకు దగ్గర చేస్తే సరిపోదు. కొస ఇంటి నల్లా దగ్గర గాజు గొట్టంలో నీళ్లు పట్టి, ఆర్థోటోలిడిన్ అనే పరీక్ష మందు చుక్కలు వేయాలి. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. రంగును డబ్బా మీది రంగులతో పోల్చితే లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఆ నీళ్లు పారబోయాలి, తాగొద్దు. ట్యాంకు దగ్గర పసుపు వచ్చి కొస ఇంట్లో రాకపోతే, మధ్యలో ఎక్కడో పైపులోకి మురుగు దిగుతుండొచ్చు. వాల్వు గుంతలు, మోరీ దాటే చోట్ల జాయింట్లు ముందు తవ్వి చూడండి.