ఆఖరి ఫ్రీ త్రోకి విజిల్ ఎందుకు? స్టూడియో చర్చ

(బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆఖరి సెకన్లలో ఫ్రీ త్రో, అంటే ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుపడకుండా వేయనిచ్చే షాట్, తప్పింది. బంతి షూటర్ చేతిని వదలకముందే డిఫెండర్ లేన్‌లోకి, అంటే బాస్కెట్ ముందు గీతలు గీసిన చోటులోకి, దూకాడని రిఫరీ మళ్లీ వేయించారు. రెండోసారి పడింది, ఒక్క పాయింటుతో మ్యాచ్ తేలిపోయింది. ఆ క్లిప్ మీద జరిగిన చర్చ ఇది. మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.)

మోడరేటర్: నమస్కారం. సూటిగా అడుగుతాను. అడుగు పడిందా లేదా అని ఈ రోజుల్లో కూడా మనిషి కళ్లతోనే తేల్చాలా? నేలలో ఒక సెన్సర్ పెడితే గొడవే ఉండదు కదా?

మాజీ రిఫరీ: సెన్సర్ సంగతి తర్వాత. ముందు రూల్ చూద్దాం. ఫిబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య రూల్స్‌లో లేన్ పక్కన ఐదుగురికే చోటు. డిఫెన్స్ ముగ్గురు, షూటర్ జట్టువాళ్లు ఇద్దరు. బంతి షూటర్ చేతిని వదిలేదాకా...

కోచ్: రూల్ అందరికీ తెలుసండీ! ఇదే మ్యాచ్ మొదటి క్వార్టర్‌లో ఒకడు ఏకంగా అడుగున్నర లోపలికొచ్చాడు. విజిల్ లేదు. ఆఖర్లో బొటనవేలు కదిలితే విజిలా? ఇదేం న్యాయం?

మాజీ రిఫరీ: ఆ మొదటి షాట్ పడింది సార్.

కోచ్: పడితే?

మాజీ రిఫరీ: పడితే షూటర్ కాక మిగతావాళ్లు చేసిన తప్పు లెక్కలోకి రాదు. బాస్కెట్ ఇచ్చేస్తాం, ఆట సాగుతుంది. మీరు ‘చూడలేదు’ అంటున్నవాటిలో చాలావరకు ఇలాంటివే. షాట్ తప్పినప్పుడే...

కోచ్: అంటే తప్పు తప్పు కాదన్నమాట! బంతి పడితే పుణ్యం, పడకపోతే పాపం!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కోచ్ గొంతే వినిపిస్తోంది.)

మాజీ క్రీడాకారిణి: ఒక్క మాట చెప్పనివ్వండి. నేను ఏళ్ల తరబడి బోర్డుకి దగ్గరున్న ఆ చోటే నిలబడ్డాను. చూపంతా షూటర్ వేళ్ల మీదే. మణికట్టు వంగగానే మన మడమ దానంతటదే లేస్తుంది. పక్కనున్న అమ్మాయి మోచెయ్యి అప్పటికే పక్కటెముకల్లో ఉంటుంది. బంతి వేలి కొసను వదలడం, నా కాలు గీత దాటడం, ఈ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో నాకే తెలిసేది కాదు. ఇక రిఫరీకి...

మోడరేటర్: అందుకే సెన్సర్ అంటున్నా మేడమ్!

మాజీ రిఫరీ: కాలు ఎక్కడుందో సెన్సర్ చెప్తుందనుకుందాం. బంతి చేతిని ఎప్పుడు వదిలిందో ఎవరు చెప్తారు? అందుకే చూపులు పంచుకుంటాం. ఒకరు షూటర్‌ని చూస్తే ఇంకొకరు లేన్‌లో వాళ్లని చూస్తారు.

కోచ్: పంచుకుని ఏం చూశారండీ? షాట్ వేయడానికి షూటర్‌కి ఫిబాలో 5 సెకన్లు, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 10. 2021 ప్లేఆఫ్స్‌లో ఎన్‌బీఏ స్టార్ యానిస్ అంటెటొకౌన్‌పో ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడితే గ్యాలరీ అంతా ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టింది! జనం లెక్కపెట్టేదాకా ఎవరికైనా పట్టిందా?

మాజీ క్రీడాకారిణి: అది టైమ్ సంగతి. మనం మాట్లాడుతున్నది లేన్...

కోచ్: అదే యానిస్ ఆ ఏడాది ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 19 ఫ్రీ త్రోలకి 17 వేశాడు. నేర్చుకుంటే వస్తుంది! 1962లో ఎన్‌బీఏ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఒక్క మ్యాచ్‌లో వంద పాయింట్లు కొట్టిన రోజు 32కి 28. ఎలా వేశాడు? రెండు చేతులతో కింది నుంచి!

మోడరేటర్: అవునా? కింది నుంచా?

కోచ్: కింది నుంచే. వాటం కుదిరినవాడు జనం నవ్వుకున్నారని మానేయకూడదు.

(నాలుగు నిమిషాలు ఇదే నడిచింది. లేన్ ఊసు లేదు.)

మాజీ రిఫరీ: అసలు విషయానికొద్దామా? డిఫెండర్ ముందే దూకి షాట్ తప్పితే మళ్లీ వేయిస్తాం. షూటర్ జట్టువాడు దూకితే బంతి అవతలివాళ్లది. రెండు పక్కలా దూకితే జంప్ బాల్ సిట్యుయేషన్, అంటే బంతి ఎవరిదో తేలని స్థితి; ఈసారి వంతు ఎవరిదో చూపే పొసెషన్ బాణం ఎటు ఉంటే బంతి అటు. ఈ క్లిప్‌లో జరిగింది మొదటిది. రిఫరీ చేసింది...

కోచ్: రిఫరీ చేసింది మ్యాచ్ అవతలివాళ్ల చేతిలో పెట్టడం! రెండు పాయింట్లు వెనకబడిన జట్టు రీబౌండ్, అంటే తప్పి తిరిగొచ్చే బంతి కోసం కావాలనే ఫ్రీ త్రో తప్పిస్తుంది చూడండి, అప్పుడు అందరూ ముందే కదులుతారు. అప్పుడూ ఇంత పట్టుగా ఊదుతారా?

మాజీ రిఫరీ: ఊదుతాం. ఊదాలి కూడా. అక్కడే దొంగ అడుగుకి లాభం ఎక్కువ.

మోడరేటర్: మరి తర్వాతైనా తేల్చే పద్ధతి?

మాజీ రిఫరీ: ఎన్‌బీఏ 2015 నుంచి హోరాహోరీ మ్యాచ్‌ల ఆఖరి రెండు నిమిషాల మీద రిపోర్టు ఇస్తోంది. తప్పుంటే తప్పని రాస్తారు. స్కోరు మాత్రం మారదు.

కోచ్: చూశారా! మారదు! నేను చెప్పేదీ అదే!

మాజీ క్రీడాకారిణి: మీరు చెప్పింది అది కాదండీ. మీరు ఊదొద్దంటున్నారు.

కోచ్: ఊదితే అందరికీ ఊదమంటున్నా!

మాజీ రిఫరీ: బంతి పడ్డాక ఊదడం రూల్‌కే విరుద్ధమని ఇందాకే చెప్పాను సార్.

కోచ్: అయితే రూలే మార్చండి!

మోడరేటర్: టైమ్ అయిపోయింది. కోచ్ గారు చెప్పినట్టు అందరికీ ఒకటే కొలత ఉండాలి. సెన్సర్ గురించి కూడా ఆలోచించాలి. రిఫరీ గారూ, పది సెకన్లలో చెప్పేయండి.

మాజీ రిఫరీ: పడిన షాట్‌కి...

కోచ్: ఫిబాలో అయిదేనండీ!

(నవ్వులు. బ్రేక్.)