డీకోడర్ ముందు ఆ స్లైసర్ ఎందుకు?
(హనుమకొండలో ఇంజనీర్స్ డే నాడు ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, హనుమకొండ, కాజీపేట కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. విశ్వేశ్వరయ్య గారిని తలుచుకుని నేరుగా విషయంలోకి వస్తాను. ఆహ్వాన కార్డులో నా ప్రసంగం పేరు "విటర్బీ నుంచి ఎల్‌డీపీసీ దాకా" అని వేశారు. రెండూ దారిలో చెడిన బిట్లను దిద్దుకునే పద్ధతులు. అంతదూరం పోయేముందు ఒకటి అడగాలి. అందిన సిగ్నల్‌లో తప్పులు దిద్ది అసలు బిట్లను తేల్చేది డీకోడర్. ప్రతి విలువనూ ప్లస్సా మైనస్సా అని మాత్రమే చూసి అక్కడికక్కడే 0 లేదా 1 అనేసేది స్లైసర్. అలా తేల్చేసి ఇస్తే హార్డ్, విలువను విలువగానే ఇస్తే సాఫ్ట్. మరి డీకోడర్ ముందు స్లైసర్ ఎందుకు పెడుతున్నారు?

ఊళ్లో పంచాయితీ అనుకోండి. ఇద్దరు సాక్షులు "వాడే అనుకుంట, చీకటుండె" అన్నరు. మూడో ఆయన "వాడు కాదు, నేను కండ్లార చూసిన" అన్నడు. పెద్దమనిషి తలలు లెక్కపెట్టి తీర్పు చెప్తే ఎట్లుంటది?

అదే వోల్టేజీల్లో చూడండి. 0కు +1, 1కి −1. ఒకే బిట్‌ను మూడుసార్లు పంపితే −0.1, −0.2, +0.9 అందాయి. స్లైసర్ గుర్తు చూసి 1, 1, 0 అంటుంది. మెజారిటీతో 1 అని తేలుస్తారు. వచ్చిన విలువను 2తో గుణించి నాయిస్ వేరియన్స్‌తో (దారిలో కలిసిన రొద ఎంతో చెప్పే కొలత) భాగిస్తే ఎల్‌ఎల్‌ఆర్, అంటే 0 అయ్యే, 1 అయ్యే అవకాశాల నిష్పత్తికి లాగరిథం. వేరియన్స్ 0.5 అనుకుంటే −0.4, −0.8, +3.6. కూడితే +2.4. అంటే 0 అయ్యే అవకాశమే 11 రెట్లు ఎక్కువ. డీకోడర్‌కు అందాల్సిన ఆ 0.9ని మనమే చెరిపేశాం!

విటర్బీ 1967లో చెప్పిన డీకోడింగ్ పద్ధతిలో బ్రాంచ్ మెట్రిక్ (ఒక్కో అడుగుకు వేసే మార్కు) మారిస్తే చాలు, ట్రెల్లిస్ (సాధ్యమైన దారుల పటం) అదే. హామింగ్ దూరం (తేడా పడిన బిట్ల లెక్క) బదులు విలువల్నే కూడండి. గాసియన్ నాయిస్‌లో (మామూలు యాదృచ్ఛిక రొదలో) పంపే పవర్‌లో సుమారు 2 డీబీ (డెసిబెల్) మిగులుతుంది. 100 వాట్లు కావలసిన చోట 63 చాలు. హార్డ్‌వేర్ బరువవుతుందని భయపడకండి. వచ్చిన విలువను 3 బిట్లతో, 8 మెట్లుగా కొలిస్తే పోయేది పావు డీబీ లోపే. కాకపోతే మెట్టు సిగ్మాలో (వేరియన్స్ వర్గమూలంలో) సుమారు సగం ఉండాలి. ఏజీసీ (సిగ్నల్ స్థాయిని తనంతట తానే సరిచేసే సర్క్యూట్) గెయిన్ ఎక్కువైతే శాంపిళ్లన్నీ రెండు చివరలకూ అతుక్కుంటాయి. పేరుకు సాఫ్ట్, పని హార్డ్.

టైమవుతున్నదని చీటీ వచ్చింది. ఎల్‌డీపీసీ ఇవాళ్టికి ఉండనీయండి, ఇది మాత్రం చెప్పకుండా దిగను. ప్రాజెక్టు రిపోర్టుల్లో సిమ్యులేషన్ గ్రాఫులు అద్భుతంగా ఉంటాయి, కారణం వెతికితే కోడ్ రేటు (పంపే బిట్లలో అసలు సమాచారం వంతు) మర్చిపోయి ఉంటారు! ఈబీ బై ఎన్‌నాట్ (ఒక్కో సమాచార బిట్ శక్తికీ నాయిస్‌కూ నిష్పత్తి) నుంచి వేరియన్స్ తీసేటప్పుడు ముందు ఆ నిష్పత్తిని రేటుతో గుణించాలి. సగం రేటు కోడ్‌కు అది వదిలేస్తే 3 డీబీ ఉత్తపుణ్యానికి వచ్చినట్టు కనబడుతుంది. దయచేసి ఆ లైను ఈ రాత్రే తెరిచి చూడండి.

రెండోది ప్లస్, మైనస్ గుర్తు. ఎల్‌ఎల్‌ఆర్ నిష్పత్తిలో పైన 0 అవకాశం ఉందా, 1 అవకాశం ఉందా? మాడ్యులేటర్ ఒకటి, డీకోడర్ ఇంకొకటి అనుకుంటే కొంప మునుగుతుంది. నాయిస్ ఆపి, ఉత్త +1, −1 పంపండి. ఒక్క తప్పు కూడా రాకూడదు. నాసా అంతరిక్ష నౌక వాయేజర్‌లో వాడిన సగం రేటు కోడ్, అంటే జనరేటర్లు (కోడ్ బిట్లను పుట్టించే నమూనాలు) ఆక్టల్‌లో 171, 133 ఉన్నది, అయితే గుర్తు తిరగబడినప్పుడు దాదాపు ప్రతి బిట్టూ తలకిందులై వస్తుంది. బైనరీలో రాస్తే రెండు జనరేటర్లలోనూ ఒకట్లు ఐదేసి, బేసి సంఖ్య, అందుకే. అట్లా వస్తే డీకోడర్‌ను ముట్టుకోకండి, ఇన్‌పుట్‌కు ఒక్క మైనస్ పెట్టి మళ్లీ నడపండి.